హైదరాబాదులో గడ్డకట్టిన సరస్సు

పెళ్లికార్డుల దుకాణానికి వెళితే ముందుగా మీ చేతికి ఒక ఆల్బం ఇస్తారు. మీరు పేజీలు తిప్పి, నచ్చిన చోట వేలు పెట్టి, "ఇదిగో, ఈ మోడల్" అంటారు. పేర్లు మారతాయి, ముహూర్తం మారుతుంది, పైనున్న వినాయకుడు మాత్రం మారడు. దాన్ని ఎవరూ కాపీ అనరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో నేను నడిపిన దుకాణంలో కాలేజీలకూ విశ్వవిద్యాలయాలకూ అలాంటి ఆల్బమే ఉండేది. విదేశీ విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్ల మొదటి పేజీలను రంగుల్లో ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లలో దూర్చి, దళసరి అట్ట వేసి పెట్టాం. కాలేజీ కరస్పాండెంటుగారు వచ్చి, టీ తాగుతూ తిరగేసి, "ఇది బాగుంది గాని ఎరుపు తీసెయ్యండి, మా ఆవిడకు పడదు" అనేవారు. మా పని అక్కడ మొదలయ్యేది.

ఈ మాట చెబితే మీవంటి చదువుకున్న పిల్లలు ముఖం చిట్లిస్తారని తెలుసు. చిట్లించండి. మీరిప్పుడు కంప్యూటరును నోటితో అడిగి బొమ్మలు చేయించుకుంటున్నారట, అది ఎవరి బొమ్మ చూసి గీస్తున్నదో మీకూ తెలియదు, దానికీ తెలియదు. నాకు కనీసం ఎవరిది చూసి చేస్తున్నానో తెలిసేది. కాపీ గురించి నన్ను నిలదీసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో చాలామంది నా ఆల్బంలో వేలు పెట్టినవాళ్లే. ఆ వేళ్లు నాకు ఇప్పటికీ గుర్తు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నల్లగొండ దిక్కు ఊరు. పట్నం వచ్చి మలక్‌పేటలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చడం నేర్చుకున్నాను. సీసం పోయి కంప్యూటర్ వస్తే డీటీపీ నేర్చుకున్నాను. కాగితం తగ్గి ఇంటర్నెట్ వస్తే వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను. కింది అంతస్తులో చెప్పే పాఠం మెట్ల మీద నిలబడి విన్నది కొంత, కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకాల్లో చదివింది కొంత. మిగిలిందంతా తప్పులు చేసి నేర్చుకున్నదే.

నా దగ్గర ఇద్దరు పనిచేసేవారు. డిజైన్ చేసే అమ్మాయిది మా వైపే ఊరు, కొత్తపేటలో హాస్టల్లో ఉండేది. తండ్రి ఆర్టీసీ కండక్టరు. రెండోవాడు గుంటూరు దగ్గరి కుర్రవాడు. కోడింగ్ వాడిది. కోచింగ్ కోసం వచ్చి, ఉద్యోగం దొరక్క, కింది అంతస్తులో పాఠాలు మాని మా పై అంతస్తుకు ఎక్కాడు. ఆమె నన్ను "సార్" అనేది, అతను "గురువుగారూ" అనేవాడు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. బంద్ అంటే ముగ్గురం షట్టర్ సగం దించి లోపల పనిచేసుకునేవాళ్లం. బయట నినాదాలు వినిపిస్తే ఆ అమ్మాయి కూడా పెదవి కదిపేది. అతను ఆమె వైపు చూసి, "మీరు అరవండి, నేను మీ పేజీ కూడా చేసి పెడతానులెండి" అనేవాడు. అలా ఉండేది మా దుకాణం.

హైవే మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఒక విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ పని మాకు వచ్చింది. పేరు చెప్పను. పెద్ద పని. దానికి ఒక కమిటీ వేశారు. రిజిస్ట్రారుగారు అధ్యక్షుడు, భూగర్భశాస్త్రం ప్రొఫెసరుగారు కన్వీనర్. ఆయనది మా పక్క జిల్లానే. నెమ్మదస్తుడు, కళ్లద్దాలు తుడుస్తూ మాట్లాడేవారు.

మా డిజైనర్ అమ్మాయి ఆల్బం ముట్టుకోలేదు. విశ్వవిద్యాలయానికి వెళ్లి, పరీక్షల విభాగం ముందున్న ఎంక్వైరీ కిటికీ దగ్గర వరుసలో నిలబడింది. రోజుల తరబడి అదే పని. ఎవరు వస్తున్నారు, ఏమడుగుతున్నారు అని వింది. వచ్చాక మొదటి పేజీ చేసింది. దానిలో భవనం లేదు, వైస్ ఛాన్స్‌లర్ ఫొటో లేదు. అన్నీ ప్రశ్నలే. హాల్‌టికెట్ ఎప్పుడిస్తారు? ఫలితాలు ఎప్పుడు? స్కాలర్‌షిప్ ఎక్కడ ఆగింది? సర్టిఫికెట్ పోతే ఏం చెయ్యాలి? ఒక్కొక్క ప్రశ్న మీద నొక్కితే జవాబు. తెలుగులోనూ ఉంది, ఇంగ్లీషులోనూ ఉంది. ఒక మూలన వరుసలో నిలబడ్డవాళ్ల ఫొటో, వెనక నుంచి తీసింది.

రిజిస్ట్రారుగారు చూసి కుర్చీలో వెనక్కి వాలారు. "ఏందమ్మా గిది? బస్టాండుల ఎంక్వైరీ కౌంటర్ లెక్కున్నది. యూనివర్సిటీ అంటే జర హుందా ఉండాలె." తర్వాత నా ఆల్బం తిప్పి, ఒక పేజీ మీద వేలు పెట్టారు. గోపురం ఉన్న రాతి భవనం, పచ్చిక, వెనక సరస్సు, పుస్తకాలు గుండెకు హత్తుకుని నవ్వుతున్న తెల్లపిల్ల. "ఒరిజినల్‌గ ఉండాలె. కని గిట్లనే ఉండాలె."

ప్రొఫెసరుగారు కళ్లద్దాలు తుడుచుకుని, "అవును సార్, ఇదైతే బాగుంటది" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఎల్‌బీ నగర్ దాటాక ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. ఇలా అంది: "నేను గూడ కాపీనే కొట్టిన సార్. కిటికీ కాడ మంది అడిగేది ఇని కొట్టిన. గా సారు ఎక్కడిదో బిల్డింగు సూసి కొట్టుమంటుండు. గంతే తేడా."

ఆ మాట మీద నాకు అప్పుడు పెద్దగా ధ్యాస లేదు. పని ఇచ్చినవాడు అడిగింది చేయడమే పని అనుకునే తరం మాది.

ఇక్కడ మా చేతిపని గురించి ఒక్క సంగతి చెప్పాలి. ప్రెస్సులో పాత కార్డు అక్షరాలు విప్పేవాళ్లం కాదు. ఆ మ్యాటర్ అలాగే నిలబెట్టి ఉంచి, దాని మీదే కొత్త పేర్లు ఎక్కించేవాళ్లం. వెబ్‌సైట్‌కు కూడా అదే అలవాటు వచ్చింది. పేజీ ఖాళీగా కనిపిస్తే కమిటీవారికి నచ్చదు. అందుకని ఏ శాఖ దాని గురించి రాసి ఇచ్చేదాకా, విదేశీ విశ్వవిద్యాలయం మ్యాటరే అందులో ఉంచేవాళ్లం. చూసినవాళ్లకు పరాయి పేరు కనపడకుండా, మా గుంటూరు కుర్రవాడు కంప్యూటర్‌కు ఒక ఆజ్ఞ ఇచ్చేవాడు: ఆ విదేశీ ఊరి పేరు ఎక్కడున్నా తీసేసి హైదరాబాద్ అని పెట్టు. ఒక్క మీట నొక్కితే అన్నీ మారిపోయేవి. శాఖలు మ్యాటర్ పంపేకొద్దీ పాతది తీసేసేవాళ్లం.

అన్ని శాఖలూ పంపలేదు. ఈలోగా ఏదో తనిఖీ బృందం వస్తోందని తొందరపెట్టారు. వైస్ ఛాన్స్‌లర్‌గారు కంప్యూటర్ ముందు దీపం వెలిగించి, మౌసుకు కట్టిన రిబ్బన్ కత్తిరించి, వెబ్‌సైట్‌ను ప్రారంభించారు. కొబ్బరికాయ కూడా కొట్టారు. నీళ్లు కీబోర్డు మీద పడితే మేమే తుడిచాం.

చాలా నెలలు ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ చదవలేదు గనుక. తర్వాత ఒక మధ్యాహ్నం విశ్వవిద్యాలయం గేటు ముందు దీక్షా శిబిరంలో కూర్చున్న విద్యార్థుల్లో ఎవరో పొద్దుపోక ఫోనులో భూగర్భశాస్త్రం పేజీ తెరిచారు. అందులో ఉన్నది తెలుగులో చెబితే ఇది: "శీతాకాలంలో హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న సరస్సు గడ్డకట్టినప్పుడు మా విద్యార్థులు దాని మీద నడుస్తూ రాతి నమూనాలు సేకరిస్తారు. మంచు బూట్లు ఎవరివి వారే తెచ్చుకోవాలి."

మర్నాడు శిబిరంలో కొత్త అట్ట వేలాడింది: "మా మంచు బూట్లు మాకియ్యాలె." నీళ్లు, నిధులు, ఉద్యోగాల సరసన బూట్లు చేరాయి. పత్రిక జిల్లా పేజీలో ఫొటో వేసింది. హుస్సేన్‌సాగర్ మీద పిల్లలు జారుతున్నట్టు ఎవరో బొమ్మ కూడా గీశారు. నిజం చెబితే బొమ్మ బాగుంది.

ఆ రోజుల్లో ప్రతి వెబ్‌సైట్ అడుగున చేసిన దుకాణం పేరు వేసుకునేవాళ్లం. అందువల్ల మమ్మల్ని వెతుక్కోవడం కష్టం కాలేదు. విద్యార్థులు నలుగురైదుగురు మెట్లెక్కి వచ్చారు. ముందున్న కుర్రవాడి గొంతు నినాదాలిచ్చి ఇచ్చి బొంగురుపోయింది.

"పెద్దాయనా, గీ సైటు మీరే చేసిన్రా?"

"మేమే."

"హుస్సేన్‌సాగర్ ఎప్పుడు గడ్డ కట్టిందే? మాకు చెప్పకపోతిరి, సూసొస్తుంటిమి గద."

వెనకవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బంద్‌లలో పగిలిన దుకాణాల అద్దాలు గుర్తొచ్చాయి. మానిటర్ వెనక గుంటూరు కుర్రవాడు తల వంచుకున్నాడు. నోరు తెరిస్తే యాస బయటపడుతుంది.

మా అమ్మాయి లేచింది. "అన్నా, కూసోండ్రి. నీళ్లు తాగుతరా?"

"గొడవకు రాలే చెల్లె. ఎవరు చేసిన్రో తెలియాలె. రిజిస్ట్రార్‌కు మెమోరాండం ఇస్తున్నం. బాధ్యుల మీద చర్య తీసుకోవాలె అని రాస్తున్నం. పేరు లేకుంటే వాళ్లు నెలలు నెలలు సాగదీస్తరు."

"డిజైనర్ని నేనే అన్నా."

అతను ఆమె వైపు చూశాడు. అట్ట మీద బూట్లు రాసినప్పుడు అవతల ఒక మనిషి ఉంటుందని తట్టలేదనుకుంటాను. నీళ్లు తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, దిగిపోయారు.

వాళ్లు మెట్లు దిగీ దిగకముందే గుంటూరు కుర్రవాడు లేచి నిలబడ్డాడు. "గురువుగారూ, ఊరి పేరు మార్చింది నేనండి. ఆవిడెందుకు పడాలండి?"

"నువ్వు సప్పుడు చెయ్యకు" అంది ఆమె. "నువ్వు నోరు తెరిస్తే ఇది వెబ్‌సైట్ లొల్లి కాదు, వేరే లొల్లైతది."

"అంటే ఏంటండి? ఆంధ్రావాణ్ణని నా తప్పు కూడా నన్ను ఒప్పుకోనివ్వరా?"

ఆమె విద్యార్థి తాగిన గ్లాసు తీసుకెళ్లి కడిగింది.

అసలు భయం వేరే ఉంది. ఆ విశ్వవిద్యాలయం కంప్యూటర్ సెల్‌లోనే కాంట్రాక్టు ఉద్యోగం ఒకటి పడింది. ఆమె దరఖాస్తు పెట్టుకుంది, పిలుపు కూడా వచ్చింది. వాళ్ల నాన్న సమ్మెలో ఉన్నాడు. ఆర్టీసీ బస్సులు డిపోల్లో, జీతాలు గాలిలో. ఇల్లు ఆమె మీద నడుస్తోంది, నేనిచ్చేది దుకాణం జీతం, ఎప్పుడు ఎంత ఇస్తానో నాకే తెలియదు. అంతలో విచారణకు రమ్మని మా ముగ్గురికీ ఉత్తరం వచ్చింది. విశ్వవిద్యాలయం ఆఫీసులో నాకు తెలిసిన సూపరింటెండెంటు ఫోను చేసి చెప్పాడు: "కన్వీనర్ సారు ముందే రాసిచ్చిండు, డిజైనర్ నిర్లక్ష్యమని. అదే ఫైలుల పోతే గా పిల్లను ఇంటర్వ్యూకు గూడ రానియ్యరు."

నాకు ఒళ్లు మండింది. "బాగుంటది" అన్న నోరు అదే కదా!

విచారణ రోజున ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. మీలో చాలామంది చూసి ఉండరు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండి, అక్కడే కూర్చుని తినడం ఆనాటి నిరసన. విజయవాడ రోడ్డు మీద లారీలు కనుచూపు మేర నిలిచిపోయాయి. నా స్కూటర్ మీద నేనూ అమ్మాయీ, వెనక బైకు మీద అతను. కాలనీ సందుల్లోంచి తప్పించుకుని వచ్చాం గాని చౌరస్తా దాటక తప్పలేదు. చేతిలో గరిటెతో ఒక పెద్దావిడ అడ్డంగా నిలబడింది.

"బండ్లు ఆపుండ్రి. తిని పోవాలె. తినకుంటే పోనియ్యం."

"అమ్మా, అర్జెంటు పని."

"ఎవని పని అర్జెంటు కాదు కొడుకా? కూసో."

తారు రోడ్డు మీద విస్తరాకులు. వేడి అన్నం, పప్పుచారు, వంకాయ కూర. మేమిద్దరం మాట్లాడుతూ తిన్నాం. అతను తల ఎత్తకుండా తింటున్నాడు. చాలనడానికి కూడా నోరు తెరవడు, చెయ్యి అడ్డం పెడతాడు. పెద్దావిడకు అది మొహమాటంలా కనిపించి ఇంకో గరిటె వేస్తుంది. మళ్లీ చెయ్యి, మళ్లీ గరిటె. అన్నం కుప్ప అయింది. ఆమె వంగి అతని ముఖంలోకి చూసింది.

"అయ్యో పాపం, మాటలు రావా బిడ్డా?"

"వస్తాయండీ" అన్నాడు అతను. జారిపోయింది.

పక్కన తింటున్నవాళ్లు తల తిప్పారు. మా అమ్మాయి ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది.

"ఎక్కడోనివి?" అంది పెద్దావిడ.

"గుంటూరు దగ్గరండి. దిల్‌సుఖ్‌నగర్‌లో పని చేస్తానండి."

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "గట్ల ముందుగాలనే చెప్పొద్దా? కారం తినే దేశమోనివి, గీ పప్పుచారు నీకేం ఆనుతది? ఏయ్, గా మిరపకాయ తొక్కు తేండ్రే!" అని అటు కేక వేసి, ఇటు తిరిగి గొంతు తగ్గించింది. "మా రాష్ట్రం మాకొస్తే నీ ఇస్తారేం గుంజుకోం తియ్యి. తిను."

అతను తొక్కు కలుపుకుని ఆ కుప్పంతా తిన్నాడు. కళ్లలో నీళ్లు కారంవల్లనే అన్నాడు. తొక్కు నేనూ తిన్నాను, అంత కారం లేదు.

విశ్వవిద్యాలయం చేరేసరికి అందరూ కూర్చుని ఉన్నారు. రిజిస్ట్రారుగారు మధ్యలో, ప్రొఫెసరుగారు ఒక పక్కన, విద్యార్థుల తరఫున బొంగురు గొంతు కుర్రవాడు మరో పక్కన.

"డిజైనర్ నువ్వేనా?" అన్నారు రిజిస్ట్రారుగారు, ఆమెను ఎప్పుడూ చూడనట్టు.

ఆమె తలూపేలోపే గుంటూరు కుర్రవాడు ముందుకొచ్చాడు. "సార్, ఒక్క మాటండి. ఆ పేజీలో ఊరి పేరు మార్చింది నేనండి. ఆవిడకు సంబంధం లేదు."

రిజిస్ట్రారుగారు విద్యార్థి ముఖం చూశారు. ఆయనకు కావలసింది అదేనేమో అని నాకు అనుమానం. తప్పు జిల్లాలు దాటి పోతే అందరికీ సుఖం.

"ఏ ఊరన్నా మీది?" అన్నాడు విద్యార్థి.

"గుంటూరు దగ్గరండి."

"మీ తాన మంచు పడుతదా?"

"లేదండి. ఎండలకే చస్తామండి."

"మరి నీకేం తెలుస్తది బూట్ల సంగతి" అన్నాడు అతను. ముందు అతనే నవ్వాడు. తర్వాత రిజిస్ట్రారుగారు తప్ప అందరూ నవ్వారు.

"నవ్వులాట కాదు" అన్నారు ఆయన. "బాధ్యులెవరో రాయాలె నేను. కాపీ కొట్టి యూనివర్సిటీ పరువు తీసిన్రు."

ఇక నేను ఊరుకోలేకపోయాను. "ఆల్బంల వేలు పెట్టింది ఎవరు సార్? గిట్లనే ఉండాలె అన్నదెవరు? మా పిల్ల సొంతంగ చేసుకొస్తే బస్టాండు లెక్కుందన్నదెవరు?"

"నమూనా చూపించినం. కాపీ కొట్టుమన్నమా?"

ఆ ఒక్క వాక్యానికి జవాబు నేను ఇప్పటికీ వెతుకుతున్నాను. చదువుకున్నవాడి నోట్లోంచి అంత నున్నగా రావాలంటే ఎంత చదవాలో!

విద్యార్థి ప్రొఫెసరుగారి వైపు తిరిగాడు. దెప్పిపొడవడానికి కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. "సార్, ఆ పేజీ మీ శాఖదే గద. మిగతా శాఖలు మ్యాటర్ ఇచ్చినయి. మీది ఎందుకు రాలే?"

ప్రొఫెసరుగారు కళ్లద్దాలు తీశారు. ఈసారి తుడవలేదు.

"ఇయ్యలేదు బాబూ. ఇయ్యాల్సింది నేనే." అద్దాలు బల్ల మీద పెట్టారు. "రాద్దామని కూసున్న. మా శాఖ గురించి ఏం రాయాలె? ఫీల్డుకు పోదామంటే బస్సు లేదు. సూక్ష్మదర్శిని ఒక్కటే, దానికి అద్దం పగిలింది. వీళ్లు తాత్కాలికంగ పెట్టిన ఆ పేజీ చదివిన. సరస్సు, పిల్లలు, సంచుల నిండ రాళ్లు. మంచిగనిపించింది. తీసెయ్యమని చెప్పబుద్ధి కాలే. ఎవరు చదువుతరులే అనుకున్న."

"అంటే మీరు చదివిన్రా సార్?" అన్నాడు విద్యార్థి. "బూట్లు గూడ?"

"బూట్లు గూడ."

ఎవరూ నవ్వలేదు. ఆయన రిజిస్ట్రారుగారి వైపు తిరిగారు. "డిజైనర్ నిర్లక్ష్యమని రాసిచ్చిన కాగితం నాది సార్. వాపసు తీసుకుంటున్న. ఆ అమ్మాయి మొదటే వేరే పేజీ తెచ్చింది. కౌంటర్ లెక్కుందని మీరంటే అవునన్న. అనకపోతే బాగుండు."

నేను అప్పటిదాకా ఆయన మీద దాచుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. కోపం పెట్టుకోవడానికి చోటు దొరకనప్పుడు మనిషికి చాలా ఇబ్బందిగా ఉంటుంది.

విద్యార్థి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అసలు ఫీల్డుకు పోవాలంటే ఏం తెచ్చుకోవాలె సార్?"

ప్రొఫెసరుగారు పాఠం అడిగినట్టే జవాబిచ్చారు. "టోపీ. నీళ్లు. సుత్తె." తర్వాత సిగ్గుపడుతూ, "బూట్లు గూడ కావాలె బాబూ. గుట్టల మీద పల్లేరుకాయలుంటయి."

ఈసారి రిజిస్ట్రారుగారూ నవ్వారు. నవ్వినవాడు కలం పట్టుకోవడం కష్టం. అయినా ఆయన పట్టుకున్నారు. ఫైలు మూయాలంటే ఎవరో ఒకరి పేరు కావాలి.

"దుకాణం పేరు రాసుకోండి" అన్నాను. "మనుషుల పేర్లొద్దు. పని దుకాణానిది."

విద్యార్థి తన మెమోరాండం తీసి, "బాధ్యుల మీద చర్య" అన్న వరుస కొట్టేసి, దాని మీద "భూగర్భశాస్త్రం పిల్లలకు ఫీల్డు బస్సు" అని రాశాడు. రాసి ప్రొఫెసరుగారికి చూపించాడు.

నివేదికలో ఏం వచ్చిందో చెప్పాలి కదా. "సంస్థ నిర్లక్ష్యం" అని వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం పని మాకు మళ్లీ ఇవ్వకూడదని వచ్చింది. ఆల్బం గురించి, వేలు గురించి ఒక్క అక్షరం లేదు. ఇన్నేళ్లయినా ఆ కాగితం తలుచుకుంటే నాకు నెత్తురు ఉడుకుతుంది. మా అమ్మాయి పేరు మాత్రం అందులో లేదు. ఇంటర్వ్యూకు వెళ్లింది. ఉద్యోగం వచ్చింది. దుకాణంలో ఆఖరి రోజు గుంటూరు కుర్రవాడు మిఠాయి తెచ్చి, "ఇక మీరు యూనివర్సిటీవారండి, మేము నిషిద్ధ సంస్థవాళ్లం. మాతో మాట్లాడితే మీకే చెడ్డపేరు" అన్నాడు. ఆమె ఆ మిఠాయి అతని నోట్లో కుక్కి, "గిప్పుడు మాట్లాడు" అంది.

ఆమె పేజీ, ప్రశ్నల పేజీ, విశ్వవిద్యాలయంవారు పాత మొదటి పేజీ తీసి దాని చోట తాత్కాలికంగా అని పెట్టారు. మన దేశంలో తాత్కాలికానికి ఉన్నంత ఆయుష్షు దేనికీ లేదు. చుట్టుపక్కల కాలేజీలు దాన్ని చూసి చేయించుకున్నాయి. నాకు కోపమొచ్చి ఫోను చేస్తే ఆమె కోప్పడలేదు. "మంచిదే గద సార్. కని మన కిటికీ ప్రశ్నలు వాళ్లకెందుకు? వాళ్ల కిటికీ కాడ వేరే ఉంటయి" అంది. పిల్లలూ, కాపీ గురించి నాకు తెలిసినదంతా ఆ అమ్మాయి నోటి నుంచి విన్నదే. నా సొంతం ఏమీ లేదు. ఇతరుల పని చూసి చెయ్యండి, తప్పు లేదు, నేను బతికిందే దాని మీద. వాళ్ల సరస్సు ముందు మీ గుట్ట చిన్నదనుకుని నోరు మూసుకోకండి. ఆ ప్రొఫెసరుగారిని చూసినప్పుడు నాకు అది తెలిసింది.

కొత్త ఉద్యోగంలో ఆమె చేరిన మొదటి వారంలోనే ప్రొఫెసరుగారు కంప్యూటర్ సెల్‌కు వచ్చారట. చేతిలో కాగితాలు, చేత్తో రాసినవి. హాస్టల్ వెనకాల ప్లాట్ల కోసం పేలుస్తున్న గుట్ట గురించి, ఆ రాయి రంగు గురించి, వాన పడ్డప్పుడు దాని మీద కనిపించే గీతల గురించి. ఆమె లేచి కుర్చీ చూపించింది.

"కూసోండి సార్."

"ముందు చదువమ్మా. బాగలేకుంటే చెప్పు, మళ్ల రాసుకొస్త."

రికార్డు దిద్దించుకోవడానికి వచ్చిన విద్యార్థిలా, చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె ఆఖరి పేజీ తిప్పేదాకా ఆయన నిలబడే ఉన్నారట.